తెలుగునుండి తెలుగులోనికి

అమీరుపేట మైత్రీవనము పరిసరములు తెల్లవారినది మొదలు రాత్రి బాగుగ ప్రొద్దుపోవువరకు విద్యార్థులతో క్రిక్కిరిసి యుండును. కంప్యూటరు భాషలు నేర్పువారు, విదేశ భాషలు నేర్పువారు, ప్రభుత్వోద్యోగముల పోటీపరీక్షలకు శిక్షణ నిచ్చువారు ఒకే మేడలో అంతస్తునకు ఒకరుగా బోర్డులు కట్టుకొని యుందురు. క్రిందనున్న జిరాక్సు దుకాణములలో పాఠములు బొత్తులు బొత్తులుగా, తీగచుట్టలు వేసి, అచ్చు పుస్తకముకంటె చౌకగా అమ్ముదురు. తెలుగు మాధ్యమమున పరీక్ష వ్రాయు పల్లెటూరి విద్యార్థికి ఆ బొత్తియే గురువు, గ్రంథాలయము, నిఘంటువు కూడ.

ఆ బొత్తిలో తెలంగాణ చరిత్రకు మొదటి అధ్యాయము చరిత్రపూర్వ యుగము. ప్రాచీన శిలాయుగము, మధ్య శిలాయుగము, నవీన శిలాయుగము, అటుపిమ్మట బృహత్ శిలాయుగము. ఈ నాలుగు మాటలను నాలుగు మెట్లుగా కంఠస్థము చేసిన పిల్లవాని మనస్సులో ఏ చిత్రము ఏర్పడును? మొదట మొరటు రాతి పనిముట్లు, తరువాత చిన్నవి, ఆ తరువాత నునుపు దేరినవి, కట్టకడపట పెద్ద పెద్ద రాతి పనిముట్లు! ఇది హాస్యమునకు చెప్పినది కాదు. పదము ఆ దారినే చూపుచున్నది. వాస్తవమునకు దక్షిణాపథమున ఆ కాలపు జనులు ఇనుము కరగించి కత్తులు, బల్లెములు, గొడ్డండ్లు చేసికొన్నవారు. చనిపోయినవారి సమాధులకు, స్మారకములకు మాత్రమే పెద్ద రాళ్లను తెచ్చి నిలిపినారు. అది ఇనుప యుగము. శిలలు వారి సమాధులవే గాని వారి యుగమునవి కావు.

ఇంగ్లీషునను ఈ చిక్కు లేకపోలేదు. మెగాలిత్ అను పదము 19వ శతాబ్దిలో గ్రీకు ధాతువులతో పండితులు అతికిన మాట. మెగా యనగా పెద్దది, లిథోస్ అనగా రాయి. తెలుగు చేసినవారు ఆ గ్రీకు పదమును రెండుగా విరిచి, ఒక్కొక్క ముక్కకు సరితూగు సంస్కృత ఖండమును పెట్టినారు. బృహత్తును శిలయు కలిసి బృహచ్ఛిల యైనది. వ్యాకరణ దృష్టిలో ఒక్క దోషమును లేదు. కాని అనువాదమైనది పదమే. వస్తువు ఎక్కడిదక్కడనే యున్నది.

ములుగు జిల్లా తాడ్వాయి ప్రాంతమున దామెరవాయి అను గ్రామము కలదు. అచ్చట పెద్ద పెద్ద బండపలకలను నలుప్రక్కల నిలిపి, పైన మరొక బండను కప్పుగా వేసిన సమాధులు అనేకము లున్నవి. శాస్త్రజ్ఞులు వీనిని డాల్మెనులందురు; విద్యార్థి బొత్తిలో ఇవి బృహచ్ఛిలా సమాధులు. చుట్టుపట్ల జనము మాత్రము రాకాసి గుళ్లనియు, రాకాసి గూళ్లనియు పిలుచుచున్నారు. ఆ సీమనుండియే ఒక పిల్లవాడు అమీరుపేటకు వచ్చి, బృహచ్ఛిలా సమాధుల లక్షణములను పది అంశములుగా వల్లించి, మంచి మార్కులు తెచ్చుకొనియు, తన ఊరి దారి ప్రక్కనున్న రాకాసి గూడే ఆ పది అంశముల వస్తువని ఎన్నడును ఎరుగకపోవచ్చును. తప్పు పిల్లవానిది కాదు. వానికి రెండు తెలుగులు నేర్పి, ఆ రెంటికిని గల చుట్టరికము చెప్పనివారిది.

గుళ్లా, గూళ్లా అను ప్రశ్న కూడ చిన్నది కాదు. గుడికి బహువచనము గుళ్లు. గూటికి బహువచనము గూళ్లు. భేదము ఒక్క దీర్ఘమే. గుడి పూజాస్థానము. గూడన్నచో పిట్టకైనను, దీపమునకైనను, గోడలోని దేవునికైనను ఏర్పడిన చిన్న నెలవు. నాలుగు పలకల నడుమ, కప్పురాతి క్రింద, ఒక మనిషి ఎముకలు పట్టునంత చోటును కన్నులార చూచినవాడు గూడే తగిన మాట యనును. ఇంతటి మంచి పదము ఆంగ్లాక్షరములలోనికి పోయినప్పుడు దీర్ఘమును పోగొట్టుకొనుచున్నది. అచ్చట రెండును సాధారణముగా ఒకే తీరున కనిపించును. ఆంగ్ల వ్యాసమును చూచి తిరిగి తెలుగు చేయువాడు గూటిని గుడి చేయును. గుడి యైన పిమ్మట అందలి దేవుడెవ్వడను చర్చ పుట్టును. తెలుగు మాట తెలుగునకు వచ్చుటకై సముద్రముల మీదుగా ప్రయాణము చేయవలసివచ్చినప్పటి నష్టమిది.

అసలు విచిత్రము వేరొకటి. పాశ్చాత్యుల పదములన్నియు పండితుల గదులలో పుట్టినవి కావు. డాల్మెను అనునది ఫ్రాన్సు పడమటి కొననున్న బ్రిటనీ సీమ భాషలోని బల్ల, రాయి అను రెండు మాటల కూర్పు. మెన్‌హిరు అనగా ఆ భాషలోనే పొడుగురాయి. కెయిర్న్ స్కాట్లండు కొండసీమలవారి మాట. రాళ్లకుప్ప అని అర్థము. క్రామ్లెకు వేల్సు దేశపుది. అనగా రైతులును గొఱ్ఱెల కాపరులును పెట్టుకొన్న పేర్లను పండితులు చెవియొగ్గి విని, వానికి నిర్వచనము చేర్చి శాస్త్రమునకు ఎక్కించుకొన్నారు. మన అనువాదకులు ఆ పల్లెమాటలను చూచి అవి మహాపండిత పదములని భ్రమపడి, వానికి దీటుగా సమాసములు కట్టినారు. బ్రిటనీ రైతు నోట పొడుగురాయిగా నున్నది తెలుగు పుస్తకమునకు వచ్చి ఏ శిలాస్తంభముగానో మారుచున్నది.

నిలువురాయి అను మాట తెలుగువారికి లేకనా? నారాయణపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ముడుమాల గ్రామము కలదు. అచ్చట మనిషి ఎత్తును మించిన రాళ్లు వేల యేండ్లుగా నిలిచియున్నవి. ఒక రాతిపై సప్తర్షి మండలమును పోలిన చిన్న చిన్న గుంటలను పరిశోధకులు గుర్తించినారు. ఊరివారు ఈ చోటును నిలువురాళ్ల తిమ్మప్ప అని కొలుతురు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక జాబితాలో ముడుమాలకు చోటు లభించినది. జాబితాలోని ఇంగ్లీషు పేరులో మెగాలిత్ అను మాటయు ఉన్నది, మెన్‌హిరు అను మాటయు ఉన్నది. నిలువురాయి మాత్రము లేదు. అయినను ఇన్ని తరములుగా ఆ రాళ్లను సమ్మెటపోటునుండి కాపాడినది ఆ పేరే. తిమ్మప్ప రాతిని పగులగొట్టుటకు ఎవరికి చేయి ఆడును?

స్పెయిను దేశమువారు ఈ విషయమున నడచిన దారి గమనింపదగినది. మధ్యధరా సముద్రములో మెనోర్కా అను ద్వీపము కలదు. అచ్చటి ప్రాచీన రాతి కట్టడములను ఆ దీవి జనులు తమ భాషలో మూడు పేర్లతో పిలుచుచు వచ్చినారు. గోపురము వంటి దానిని కావలిమంచె అను అర్థమున తలయోత్ అన్నారు. నిలువు బండపై అడ్డబండ నుంచిన దానిని తౌల అన్నారు, అనగా బల్ల. బోర్లించిన పడవ వలె నున్న సమాధిని నవేత అన్నారు. అనగా చిన్న ఓడ. పండితులు ఈ మూటినే పారిభాషిక పదములుగా స్వీకరించినారు. స్పానిషునుండి ఇంగ్లీషు చేయువారు వీనిని అనువదింపరు. ఉన్నవానిని ఉన్నట్లు ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యమున వివరింతురు. ఆ సంస్కృతికే తలయోత్ పేరు స్థిరపడినది. 2023లో యునెస్కో జాబితాకు ఆ పేరుతోనే ఎక్కినది. దీవివాసి పిల్లవానికి తన ఊరిమాట ఒకటి, పరీక్షమాట మరొకటి కాదు.

అట్లని స్పానిషు అనువాదకుని బ్రతుకు సుఖమని తలపరాదు. ఆ భాషలో సమాధిలో శవముతోపాటు ఉంచు కుండలను, పూసలను, ఆయుధములను కలిపి అహ్వార్ అందురు. అరబ్బీనుండి వచ్చిన ఆ మాటకు వాడుక అర్థము పెండ్లికూతురు వెంట పంపు బట్టలు, పాత్రలు మొదలగు సామాను. ఇంగ్లీషులో దానిని సమాధి వస్తువులను అర్థమునిచ్చు రెండు పొడి మాటలతో సరిపెట్టుదురు. అర్థము చేరినది. కాని కూతురిని అత్తవారింటికి సాగనంపినట్లు చచ్చినవానిని సాగనంపు ఆ భావము చేరలేదు. తెలుగు అనువాదకునికి ఇచ్చట నోటికి వచ్చు మాట సారె. ఎంత దగ్గర మాట! కాని తొందరపడరాదు. కుమ్మరి చక్రమునకు కూడ సారె యని పేరు. సమాధిలో సారె దొరికినదని వ్రాసినచో చదువరి కుమ్మరివాని సమాధి యనుకొనును. మంచి మాటయైనను విడువవలసిన సందర్భము లుండునని చెప్పుటకు ఇది ఒక తార్కాణము.

పల్లెపదమును ఉన్నదున్నట్లు నమ్మినను గండమే. స్పెయిను దక్షిణ భాగమున అంతెకెరా పట్టణము చెంత మెంగా అను ప్రసిద్ధ కట్టడము కలదు. సుమారు ఐదువేల ఏడువందల యేండ్ల క్రిందటిది. దాని కప్పురాళ్లలో ఒకటి నూరు టన్నులను మించినది. ప్రజలు దానిని మెంగా గుహ యందురు. గుహ యను మాటను నమ్మి ఇంగ్లీషు చేసినవాడు దానిని కొండలో సహజముగ ఏర్పడిన బిలమును చేసి కూర్చుండును. అది మనుష్యులు బండలు మోసి కట్టి, మీద మన్ను కప్పిన డాల్మెను. అట్లే రాతిగొడ్డలికి స్పెయిను పల్లెలలో పిడుగురాయి అని పేరు. నేలను తవ్వునప్పుడు దొరకు నునుపురాయి ఆకాశమునుండి పిడుగుతో పడినదని నమ్మకము. ఆ మాటను ముక్కకు ముక్క తెలుగు చేసినచో, పల్నాటి పిడుగురాళ్ల పట్టణము గుర్తునకు వచ్చునే గాని గొడ్డలి గుర్తునకు రాదు. ఇంగ్లీషులో ఆ రాతిగొడ్డలికే సెల్ట్ అని పండితుల పేరు ఒకటి కలదు. అవే అక్షరములతో కెల్టులను జాతి పేరును కలదు. నిఘంటువు ముందిడుకొని పనిచేయువాడు గొడ్డండ్ల గుట్టను ఒక జాతిజనులను చేయగలడు. యంత్రమునకు పని అప్పగించినను ఈ అపాయము తప్పదు. యంత్రము కూడ గోతిలోనికి దిగి చూడలేదు గదా!

హైదరాబాదునకు అనువాదము క్రొత్త విద్య కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమమున వెలసినది. అంతకు ముందేడే, 1917లో, దాని కొరకు దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ ఏర్పడినది. భౌతిక, రసాయన, వైద్య, న్యాయ శాస్త్రముల పదము లన్నిటికిని అచ్చట సమితులు కూర్చుండి ఉర్దూ పదములు తీర్చినవి. పరిభాషా కల్పనను గూర్చియే వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథము ప్రకటించినాడు. నిజాము ప్రభుత్వపు పురావస్తు శాఖ 1914లో గులాం యజ్దానీ పర్యవేక్షణలో ఏర్పడినది. ఉర్దూలో ఈ శాస్త్రమునకు ఆసారె ఖదీమా అని పేరు. ఆసార్ అనగా జాడలు, గుర్తులు. తెలుగులో పురావస్తు అన్నారు. రెండు పదములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఉర్దూ పదమే మేలని ఒప్పుకొనవలసి యున్నది. వస్తువన్నంతనే మనస్సు ప్రదర్శనశాల అద్దాల పెట్టెవైపు పోవును; జాడ యన్నచో నేలవైపు పోవును. పొయ్యి కాలిన మన్ను, గుంజ పాతిన గుంట, పశువు త్రొక్కిన గిట్టగుర్తు వస్తువులు కావు, జాడలు. పాలమూరు సీమలో కృష్ణానదికి చేరువనున్న ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ పండితుడు తవ్వించినప్పుడు బయటపడిన గొప్ప సాక్ష్యములలో ఆ గిట్టగుర్తులు ఒకటి. నవీన శిలాయుగపు పశుపాలకులు దొడ్లలో పేరుకొన్న పేడను కాల్చగా ఏర్పడిన దిబ్బ యది. హంపీ చెంత నింబాపురమున నున్న అట్టి దిబ్బను జనులు వాలి చితాభస్మ మందురు. కథ నిజము కాకపోవచ్చును. బూడిద యనుట మాత్రము నిజము. ఆ దిబ్బలు ఎట్లేర్పడినవని పండితులు ఒక శతాబ్దికి పైగా వాదులాడినారు.

దారుల్ తర్జుమా గుణదోషములు రెండును తెలుగునకు పాఠములే. ఒకే పదము ఒకే అర్థమున అన్ని గ్రంథములలో వాడుట గుణము. పదములను అరబ్బీ, పారశీకముల గనులనుండియే ఎక్కువగా తవ్వుట దోషము. 1968లో తెలుగు అకాడమీ వెలసిన పిమ్మట తెలుగున పాఠ్యగ్రంథములును పారిభాషిక పదకోశములును వెలువడినవి. కళాశాల చదువు తెలుగులో సాగుటకు ఆ గ్రంథములు చేసిన మేలు మరువరానిది. ఐనను గని మాత్రము మారినది, పద్ధతి మారలేదు. అరబ్బీకి బదులు సంస్కృతము.

సంస్కృతముపై ఇచ్చట ద్వేషమేమియు లేదు. శాసనము, లిపి, నాణెము, స్తూపము వంటి మాటలు ఏనాడో తెలుగువారి సొంతమైనవి. నాగార్జునకొండ, అమరావతి స్తూపములకు నాలుగు దిక్కుల వేదికలపై ఐదేసి స్తంభములు నిలిపెడివారు. వానికి ఆయక స్తంభములని ఆ కాలపు ప్రాకృత శాసనములే పేరు చెప్పుచున్నవి. ఇంగ్లీషు పండితులు దానికి మారుమాట వెదకలేదు. ఆయక అనియే వ్రాయుచున్నారు. ఆంధ్రదేశపు రాతి మీది మాట ప్రపంచ గ్రంథములకు ఎక్కినది. రాతి మీది మాటకు దక్కిన గౌరవము రైతు నోటి మాటకు దక్కకపోవుటయే ఇచ్చటి ప్రశ్న.

రైతు మాట ఊరికొక తీరున నుండును, శాస్త్రమునకు పనికిరాదని కొందరందురు. ఈ ఆక్షేపణలో బలము లేకపోలేదు. డాల్మెనునే ఒకచోట రాకాసి గూడందురు, మరొకచోట పాండవుల గుడి యందురు. కన్నడ సీమలో మోరేర మనె యందురు, మోరేరులు మరుగుజ్జులట. రాళ్ల పరిమాణము చూచిన ఊరు రాక్షసులను తలచినది. గది కొలత చూచిన ఊరు మరుగుజ్జులను తలచినది! పాండవుల పేరు చిత్రములున్న సహజమైన కొండగుహలకు కూడ కలదు. కాని ఈ చిక్కు బ్రిటనీలో లేకపోయెనా? ఉన్న పేర్లలో ఒకదానిని ఎన్నుకొని, దీనికి ఇదే అర్థమని గిరిగీసి, అందరును వాడుటచేతనే అది శాస్త్రపదమైనది. తెలుగువారికి ఈ పద్ధతి తెలియనిదియు కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరి రైతుల నోటినుండి సేకరింపజేసి సంపాదించిన వ్యవసాయ పదకోశము 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున వెలువడినది. ఏ జిల్లాలో ఏ పనిముట్టును ఏమందురో అందు చూడవచ్చును. నాగలికి చేసిన పని సమాధికి చేయరాదా?

చిన్న మాటలలోనే ఎక్కువ హాని జరుగుచున్నది. త్రవ్వకమున కొలత ప్రకారము తీయు గోతిని ఇంగ్లీషులో ట్రెంచి యందురు. దానిని కందకమని తెలుగు చేసినవారున్నారు. కందకము కోట చుట్టు నీటికై తవ్వునది. కోటలో కందకము తవ్వగా కుండలు దొరికినవని చదివిన విద్యార్థి, కాకతీయుల కాలమున తవ్వినప్పుడు దొరికినవో, నిన్న తవ్వినప్పుడు దొరికినవో ఎట్లు తెలిసికొనును? తవ్వకపు కూలీలు ట్రెంచి అనుచున్నారు, గొయ్యి యనుచున్నారు. రెండును కందకముకంటె మేలు. పెంకు అను రెండక్షరముల మాట ఉండగా మృణ్మయ పాత్రా శకలమని పుటపుటకును వ్రాయుటలో కాగితమునకు తప్ప ఎవరికి లాభము? బాన, కాగు, గురిగి, మూకుడు, చట్టి అని కుమ్మరి ఆకారమునుబట్టి, వాడుకనుబట్టి వేరువేరు పేర్లు పెట్టినాడు. పుస్తకములో అన్నియు పాత్రలే. స్తరవిన్యాస మనునది పొరల వరుస తప్ప మరొకటి కాదు. వాదమునకు, సిద్ధాంతమునకు, కాలనిర్ణయ పద్ధతులకు సంస్కృత పదములు కట్టుకొనవచ్చును; అచ్చట పల్లెకు మాట లేదు. చేతితో పట్టుకొను వస్తువునకు చేతిలోని మాట చాలును.

అమీరుపేటలో రెండు మెట్రో మార్గములు కలియును. ఒక దారిని ముందు వచ్చు స్టేషను పంజగుట్ట. రెండవ దారిని బేగంపేట. పంజగుట్టలో దుకాణములు, ఆసుపత్రులు, వంతెన కనిపించును గాని గుట్ట కనిపింపదు. పేరులో మాత్రము నిలిచియున్నది. ఈ నగరము చుట్టును రాళ్లకుప్పల సమాధులు విస్తారముగ నుండెడివి. మేజరు హంటు 1924లో లండను రాయల్ ఆంత్రొపలాజికల్ ఇన్‌స్టిట్యూటు పత్రికలో వానిని గూర్చియే వ్యాసము ప్రకటించినాడు. మౌలాలి చెంత యజ్దానీ అట్టివానిని తవ్వించినాడు. గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ప్రాంగణమునను ఇనుప యుగపు సమాధులు బయల్పడినవి. తక్కినవానిలో ఎన్నియో ఇండ్లక్రిందను రోడ్లక్రిందను పడిపోయినవి.

బేగంపేట ప్రక్కనే ఒక బస్తీ కలదు. దాని పేరు పాటిగడ్డ. ఆ దారిని ప్రతిదినము పోవు వేలమందిలో ఆ మాటకు అర్థము తలచువారు ఎందరో చెప్పలేము. తెలంగాణ పల్లెలలో పాటిగడ్డ యనగా పూర్వము ఊరుండి పాడుపడిన దిబ్బ. దాని మన్ను పాటిమన్ను. బూడిద, పేడ, ఎముక, పెంకు కలిసి తరతరములుగ మాగిన మన్ను. ఎరువుగా పనికివచ్చును గనుక రైతులు బండ్లకెత్తి పొలములకు తోలుకొందురు. పశ్చిమాసియాలో ఇట్టి దిబ్బను అరబ్బీలో తెల్ అందురు. ఇంగ్లీషువారు ఆ మాటనే తీసికొని శాస్త్రమున చేర్చుకొన్నారు. స్పానిషువారు శాస్త్రస్థలమును యాసిమియెంతో అందురు. పడియున్న చోటని దాని ధాత్వర్థము. ఇంతకంటె గట్టి పదము, ఊరు, కాలము, పొర, మన్ను అన్నియు నిండిన పదము, తెలుగు రైతు నోటిలో నున్నది. ఊరూరు తిరిగి పెంకులు ఏరి వ్రాయు తెలంగాణ ఔత్సాహిక పరిశోధకులు పాటిగడ్డ అనియే వ్రాయుచున్నారు. అమీరుపేట బొత్తిలో అది ప్రాచీన ఆవాస స్థలము.

ఇది కేవలము మాటల తగవు కాదు. 1960నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును, 1958నాటి కేంద్ర చట్టమును ప్రాచీన స్థలములకు రక్షణ కల్పించినవి. 2010లో కేంద్ర చట్టమును సవరించి, రక్షిత కట్టడమునకు హాని చేసినవానికి రెండేండ్లవరకు కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చునన్నారు. శిక్ష పెరిగినది. కాని దిబ్బ అంచున నిలిపిన రేకుబోర్డు ఎవరితో మాటాడుచున్నది? పురావస్తు ప్రాముఖ్యము గల ప్రాచీన ఆవాస స్థలమని దానిపై వ్రాసినచో, మన్ను తోలుటకు వచ్చిన ట్రాక్టరు డ్రైవరు చదివి, అది ఎక్కడ నున్నదో గాని మనము తవ్వునది పాటిగడ్డ గదా యని పార దించును. గుప్తనిధుల ఆశతో రాకాసి గూటి బండలు పెకలించువానికి బృహచ్ఛిల యను మాట అడ్డు రాదు. రాళ్లు కొట్టు కాంట్రాక్టరు తాను కొనునది గుట్ట యనుకొనును, ఊరివారు నిలువురాళ్లని ఎరుగుదురు, ఆఫీసు కాగితములో అవి వేరొక పేరుతో నుండును. ముగ్గురికిని ఒకే మాట లేదు.

పదకోశమును తిరిగి వ్రాయు పూనిక కలిగినచో పని పెద్దదేమియు కాదు. ఒక్కొక్క వస్తువునకు ఒక ఛాయాచిత్రము, దాని క్రింద జిల్లాలవారీగ జనులు పిలుచు పేర్లు, వానిలో స్థిరపరచిన పేరు ఒకటి, ఆ పేరునకు కొలతలతో కూడిన నిర్వచనము, చివర ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో. కుమ్మరిని, పాటిమన్ను తోలిన రైతును, తవ్వకములలో ఏండ్ల తరబడి పనిచేసిన కూలీని, త్రవ్వించిన పండితుని ఒకే చాపమీద కూర్చుండబెట్టవలెను. అందులో పండితుని రప్పించుటయే కొంత కష్టము కావచ్చును. అంతవరకు జిరాక్సు బొత్తులు కూర్చువారు బృహచ్ఛిలా సమాధులను శీర్షిక ప్రక్కన రాకాసి గూళ్లు అనియు, ఆవాస స్థలము ప్రక్కన పాటిగడ్డ అనియు చేర్చుకొనవచ్చును. బోర్డులు వ్రాయించు అధికారులు ఈ పాటిగడ్డ మన్ను తీయరాదు అని మొదటి పంక్తిగా వ్రాయించి, చట్టపు భాషను దాని క్రింద చిన్న అక్షరములలో ఉంచవచ్చును.